ఇంటి ప్రార్థన నుంచి సండే స్కూలు దాకా: తెలుగు సంఘాల్లో పిల్లల విశ్వాస పోషణ

తెలుగు ప్రొటెస్టంట్ సంఘాల్లో పిల్లల పరిచర్య అనగానే మూడు గుర్తుకొస్తాయి: ఆదివారం సండే స్కూలు, వేసవి సెలవుల్లో వీబీఎస్ (వెకేషన్ బైబిల్ స్కూల్), డిసెంబరులో క్రిస్మస్ నాటిక. మూడూ మందిరం ఆవరణలో మొదలై అక్కడే ముగుస్తాయి. వారం మొత్తంలో పిల్లలు సండే స్కూల్లో కూర్చునేది గంటకు అటూ ఇటూ. మిగతా కాలాన్ని ఇల్లు, బడి, ట్యూషను, ఫోను పంచుకుంటాయి. సంఘం తన ఆశలన్నీ ఆ గంట మీదే పెట్టుకుంది. నిజానికి ఈ నేల మీద క్రైస్తవ విశ్వాసం పిల్లలకు తొలుత అందింది ఇంటివాళ్ల నోటి నుంచి, పెద్దల పక్కన కూర్చుని చేసిన సాయంకాల ప్రార్థన నుంచి. తరగతి దానికి తోడుగా వచ్చింది. ఆ తోడునే అసలు పనిగా చేసుకోవడం వల్ల తల్లిదండ్రులు బోధించే బాధ్యత వదిలి ప్రేక్షకులయ్యారని, సంఘం తన పరిచర్యను మళ్లీ ఇంటివైపు తిప్పుకోవాలని ఈ వ్యాసం వాదిస్తుంది.

లేఖనం ఇంటికి అప్పగించిన పని

ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయం ఆజ్ఞలను పిల్లలకు నేర్పమన్నది ఇంట కూర్చున్నప్పుడు, దారిన నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు. అందుకు వేరే వేళ గాని వేరే గది గాని చెప్పలేదు. నిర్గమకాండము 12వ అధ్యాయంలో పస్కా ఆచారం ఏమిటని పిల్లలే అడుగుతారు, పెద్దలు జవాబిస్తారు. యెహోషువ 4వ అధ్యాయంలో యొర్దాను నుంచి తెచ్చి నిలిపిన 12 రాళ్ల విషయంలోనూ అదే వరస. ఈ రెండు చోట్లా పిల్లల ప్రశ్న పాఠం విన్నందువల్ల పుట్టలేదు, పెద్దలు చేసినదాన్ని చూసి పుట్టింది. పెద్దలు ఏమీ చేయని ఇంట్లో పిల్లలకు అడగడానికీ ఏమీ ఉండదు.

తిమోతి సంగతి మన సంఘాలకు మరీ దగ్గరిది. అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం ప్రకారం అతని తల్లి విశ్వాసురాలైన యూదురాలు, తండ్రి గ్రీసు దేశస్థుడు. పౌలు తిమోతికి రాసిన రెండో పత్రికలో అతని విశ్వాసాన్ని తలచుకుంటూ పేరు పెట్టి చెప్పింది అవ్వ లోయిని, తల్లి యునీకేను. తండ్రి ఊసు లేదు. తల్లీ పిల్లలను మందిరం గేటు దగ్గర దింపి బండి తిప్పుకుని వెళ్లిపోయే తండ్రులు మన పట్టణ సంఘాల్లో కొత్త కాదు. అలాంటి ఇంట్లోనూ తల్లి, అవ్వ చేసే పని వృథా పోదనడానికి తిమోతి సాక్ష్యం.

ఎవరి కోసం పుట్టిన బడి?

మార్టిన్ లూథర్ 1528లో సాక్సనీ గ్రామ సంఘాలను తనిఖీ చేసి, అక్కడి జనానికి ప్రాథమిక విశ్వాసాంశాలు కూడా తెలియకపోవడం చూసి బాధపడ్డాడు. మరుసటి ఏడాది వెలువడిన చిన్న క్యాటకిజం ఆ బాధలోంచి పుట్టింది. ఇంటి యజమాని తన ఇంటివారికి ఎలా నేర్పాలో చెప్పే తీరులో అందులోని భాగాలకు శీర్షికలు ఉన్నాయి. జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ 1842లో గుంటూరు చేరి మొదలుపెట్టిన లూథరన్ సంప్రదాయం ద్వారా ఆ పుస్తకం తెలుగువారికీ దక్కింది. అయితే ఇవాళ దాన్ని కన్ఫర్మేషన్ తరగతి పుస్తకంగా గుర్తుపట్టేవారే ఎక్కువ. భోజనాల దగ్గర తెరవాల్సిన పుస్తకం పరీక్ష పుస్తకమైంది.

సండే స్కూలు పుట్టుక ఇంకోలా ఉంది. రాబర్ట్ రైక్స్ 1780లో ఇంగ్లాండులోని గ్లాస్టర్‌లో ఆదివారపు బడిని ప్రారంభించింది వారమంతా గుండుసూదుల కార్ఖానాల్లో పనిచేసే బీద పిల్లల కోసం. చదవడం నేర్పడమే అప్పటి తొలి పని, అందుకు వాడిన పుస్తకం బైబిలు. వీబీఎస్‌దీ అదే దారి. 1898లో న్యూయార్క్ ఈస్ట్ సైడ్ వీధి పిల్లల కోసం ఎలైజా హాస్ నడిపిన వేసవి బడిని, 1901 నుంచి రాబర్ట్ బోవిల్ ఆ నగరంలో విస్తరించిన పనిని దాని తొలి రూపాలుగా చెప్తారు. అంటే రెండూ చదువూ ఆదరణా దొరకని పిల్లలను వెతుక్కుంటూ వెళ్లిన బడులు. విశ్వాసుల ఇళ్లు చేయాల్సిన పనిని భర్తీ చేయడానికి వాటిని ఎవరూ స్థాపించలేదు.

దోర్నకల్ నేర్పేది

ఈ విషయంలో మనకు తెలుగు నేల మీదే ఒక గట్టి ఉదాహరణ ఉంది. వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1912 డిసెంబరు 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో బిషప్‌గా అభిషిక్తులయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆయనే తొలి భారతీయ బిషప్. తమిళుడైన ఆయన తెలుగు నేర్చుకుని, 1945 జనవరి 1న కన్నుమూసేదాకా దోర్నకల్ అధ్యక్ష ఖండానికే అంకితమయ్యారు. ఆయన కాలంలో సంఘంలో చేరినవారిలో అత్యధికులు మాల, మాదిగ కూలి కుటుంబాలవారు. చదువు రాదు, పగలంతా పొలం పని. కాబట్టి ఆరాధన పొద్దుగూకి అందరూ ఇళ్లు చేరాక జరిగేది. పగలు పిల్లలకు అక్షరాలు దిద్దించిన పంతులే సాయంత్రం పెద్దలకు ఉపదేశి. విశ్వాస ప్రమాణం, ప్రభువు ప్రార్థన, పది ఆజ్ఞలు పలికించి పలికించి కంఠతా పట్టించేవాడు. ఆ కూడికలో చంకబిడ్డ దగ్గర నుంచి ముసలమ్మ దాకా అందరూ ఒకే చోట కూర్చునేవారు. త్వరగా నోటికి పట్టే పిల్లలు ఇంటికెళ్లి పెద్దలకు అందించి ఉంటారనుకోవడంలో అతిశయోక్తి లేదు.

చదువురాని ఆ ఇళ్లలో దైవజ్ఞానాన్ని మోసింది పాట. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటివారు రాగతాళాలతో కట్టిన కీర్తనలు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో చేరి, నాట్లలోనూ కోతల్లోనూ జోలపాటగానూ సాగాయి. వంటకు బియ్యం తీసేటప్పుడు పిడికెడు ప్రభువు పేర వేరే కుండలో వేసే అలవాటు స్త్రీలలో వ్యాపించింది. ఆ కుండ ప్రతిరోజూ పిల్లల కళ్లెదుటే నిండేది. లేనివాళ్లు సైతం ఇవ్వగలరని ఏ పాఠమూ చెప్పనక్కర్లేకుండా అది నేర్పింది.

జనం గుంపులుగా క్రైస్తవ సంఘంలో చేరిన సామూహిక ఉద్యమాలను దేశంలో పలుచోట్ల పరిశీలించి 1933లో తన అధ్యయనాన్ని ప్రచురించిన జె. వాస్కం పికెట్ చేసిన నిర్ధారణ ఇక్కడ పనికొస్తుంది. జనం ఏ ఉద్దేశంతో సంఘంలో చేరారన్నదానికంటే చేరిన తర్వాత వారికి అందిన బోధ, ఆరాధనల నాణ్యతే వారి జీవితాన్ని ఎక్కువగా నిర్ణయించిందని ఆయన తేల్చారు. పిల్లల విషయంలో ఈ మాట రెండింతలు నిజం. వాళ్లు ఏ ఉద్దేశంతోనూ చేరలేదు, పుట్టి చేరారు.

పరిశోధకుల మాట

బిడ్డ మొదటి నుంచీ క్రైస్తవ బిడ్డగానే ఎదగాలని, ఆ ఎదుగుదలకు ఇల్లే నేల అని 1847లో అమెరికా వేదాంతి హోరేస్ బుష్నెల్ వాదించాడు. 1976లో జాన్ వెస్టర్‌హాఫ్ తరగతి పద్ధతినే అసలు సమస్యగా చూపి, ఆరాధించే సమాజంలో కలిసి బతకడం ద్వారానే విశ్వాసం సంక్రమిస్తుందన్నాడు. 2013లో వర్న్ బెంగ్ట్‌సన్ బృందం దీనికి క్షేత్ర ఆధారం చేర్చింది. దక్షిణ కాలిఫోర్నియా కుటుంబాలను 1970 నుంచి 35 ఏళ్ల పాటు తరాల వారీగా అనుసరించిన ఆ అధ్యయనం, తల్లిదండ్రుల భక్తి ఒక్కటే చాలదని, వారితో బిడ్డకున్న ఆప్యాయత కీలకమని చూపింది. ముఖ్యంగా తండ్రి దగ్గరితనం లెక్కకు వచ్చింది. అవ్వతాతల ప్రభావమూ బయటపడింది. అమెరికా కుటుంబాల గురించిన ఫలితాన్ని మన ఇళ్లకు యథాతథంగా అంటగట్టలేం. అయినా, కుటుంబ ప్రార్థనలో గద్దించి మోకరింపజేసే తండ్రి, బిడ్డ చెప్పేది వినే తండ్రి ఒకే ఫలితం తెస్తారని ఏ పాస్టరూ అనుకోడు.

మన పిల్లల ప్రత్యేక భారం

తెలుగు సంఘాలపై ఏ పరిశోధనైనా దాటవేయకూడని విషయం కులం. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు మూడో పేరా ఎస్సీ హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు అది వర్తించింది గాని క్రైస్తవులకు వర్తించలేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఎస్సీల నుంచి క్రైస్తవులైనవారిని బీసీ-సీగా లెక్కిస్తారు. ఫలితంగా ఎస్సీ హోదా పోకుండా ఉండేందుకు అనేక ఇళ్లలో బిడ్డకు కాగితం మీద ఒక గుర్తింపు, మందిరంలో మరొకటి. ఆదివారం ధైర్యంగా సాక్ష్యమివ్వమని నేర్చుకున్న బిడ్డకు సోమవారం బడిలో మందిరం మాట ఎత్తొద్దని చెప్పాల్సి వస్తుంది. ఈ తల్లిదండ్రులను నిందించే హక్కు ఎవరికీ లేదు, అన్యాయం చట్టంలో ఉంది. అయితే దీని గురించి బిడ్డతో ఒక్క మాటా మాట్లాడకపోతే విశ్వాసమంటే దాచుకునే వస్తువని అతడు అర్థం చేసుకుంటాడు. పదేళ్లు దాటిన పిల్లలకు ఈ చరిత్రను, తాతలు ఎందుకు సంఘంలో చేరారో, ఏ గౌరవం కోసం చేరారో, విప్పి చెప్పే పాఠం సండే స్కూల్లో తప్పక ఉండాలి.

భాష రెండో చిక్కు. ఇంగ్లీషు మీడియం బిడ్డ గ్రాంథికపు తెలుగు బైబిలు చదవలేడు, అవ్వకు ఇంగ్లీషు బైబిలు రాదు. అమెరికాలోని తెలుగు సంఘాల్లో ఈ దూరం ఇంకా ఎక్కువ. చదివి వినిపించమని అవ్వను, అర్థం చెప్పమని తల్లిని కూర్చోబెడితే ఆ దూరమే ఇద్దరినీ కలిపే పనిగా మారుతుంది.

చేయదగినవి

బాప్తిస్మం వేళ గాని బిడ్డ ప్రతిష్ఠ వేళ గాని తల్లిదండ్రులు చేసే ప్రమాణం ఫోటోలతో ముగిసిపోతోంది. దానికి ముందు నాలుగు వారాలు తల్లిదండ్రులకే తరగతి జరగాలి, తండ్రి హాజరును పట్టుబట్టి అడగాలి. నెలలో ఒక ఆదివారం పిల్లలను బయటికి పంపకుండా పెద్దల ఆరాధనలోనే ఉంచి, పాస్టరుగారు వాళ్లకు అందేలా ప్రసంగించాలి. సండే స్కూలు టీచరు పాఠం చివర ఒక ప్రశ్న ఇచ్చి, దాన్ని ఇంట్లో అవ్వనో తాతనో అడిగి రమ్మనాలి. కంఠత వాక్యాలకు బహుమతులివ్వడం మంచిదే గాని, ఓడిపోయిన బిడ్డ దేవుని దగ్గర కూడా ఓడినట్టు భావిస్తుందని మరవకూడదు.

భద్రత కూడా విశ్వాస పోషణలో భాగమే. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 2012లో వచ్చింది. పిల్లల తరగతిలో ఎప్పుడూ ఇద్దరు పెద్దలుండాలని, ఫిర్యాదు వస్తే సంఘం పరువు కోసం దాచకుండా పోలీసులకు తెలపాలని ప్రతి సంఘం రాతపూర్వకంగా నిర్ణయించుకోవాలి. ఇరుగుపొరుగు పిల్లలు వీబీఎస్‌కు వస్తే వాళ్ల తల్లిదండ్రుల అనుమతి ముందే తీసుకోవాలి.

పాస్టరేట్ కమిటీలు ఈ ఏడాది బడ్జెట్ వేసేటప్పుడు వేదిక అలంకరణకూ నాటిక దుస్తులకూ కేటాయించేదానిలో సగం తల్లిదండ్రుల శిక్షణకు మళ్లించాలని, ఆ తరగతికి మొదటి పిలుపు గేటు దగ్గర బండి ఆపే తండ్రులకే అందాలని విజ్ఞప్తి.