బందరు బడులు - గురువు మీద ఇంటివారి నమ్మకం

కృష్ణా డెల్టా దిగువ ప్రాంతంలో ఇంగ్లీషు చదువుల చరిత్ర చెప్పాలంటే బందరు నుంచే మొదలుపెట్టాలి. ఉయ్యూరు, గుడివాడ, దివిసీమల నుంచి పై చదువు కోరిన పిల్లలు చాలాకాలం ఆ రేవు పట్టణానికే వెళ్లారు. బడి కట్టడాలను గురించీ, పరీక్షలను గురించీ వ్రాసినవారున్నారు. అయితే, పరాయివాని చేతిలో పిల్లవాణ్ణి పెట్టిన తల్లిదండ్రుల మాటేమిటి? ముస్లిం కుటుంబాలకు ఇది మరీ దగ్గరి ప్రశ్న.

చర్చి మిషనరీ సొసైటీ పంపగా 1841లో వచ్చిన రాబర్టు నోబుల్ 1843లో బందరులో బడి తెరిచారు. ఆయన పెళ్లి చేసుకోలేదు, మళ్లీ స్వదేశం ముఖం చూడలేదు. 1864 నవంబరు 1న ఉప్పెన వచ్చి పట్టణంలోనూ చుట్టుపక్కలా సుమారు 30,000 మందిని పొట్టన పెట్టుకుంది. మరుసటి యేడు నోబుల్ ఆ ఊళ్లోనే కన్నుమూశారు. శిష్యుల కోసం ఇంతకంటె ఎవరేమి చేయగలరు?

అయినా 1852లో ఇద్దరు హిందూ విద్యార్థులు బాప్తిస్మం పుచ్చుకోగానే ఊరు అట్టుడికిపోయింది. తల్లిదండ్రులు పిల్లలను మాన్పించారు, బడి ఖాళీ అయింది. తరువాతి కాలంలో జానీ అలీ అనే ముస్లిం విద్యార్థి కూడా క్రైస్తవుడై, కేంబ్రిడ్జిలో చదివి, అదే మిషను సేవలో చేరాడు. నోబుల్ తన ఉద్దేశాన్ని దాచలేదు, ఆ మాట న్యాయంగా ఒప్పుకోవాలి. కాని పసివానికి గురువు మీద కలిగే ప్రేమ చాలా బలమైనది. దాన్ని ఇంటికి ఎదురుగా నిలిపినప్పుడు నష్టపడేది ఇల్లే.

ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై) ఉదంతం ఇక్కడ గుర్తుకు రాక తప్పదు. ఇంట్లో పేదరికం వల్ల అబూ యూసుఫ్‌ను చదువు మాన్పించి పనిలో పెట్టబోతే, బట్టల వర్తకులైన ఇమామ్ తమ సొమ్ముతో ఆ ఇంటి లోటు తీర్చి శిష్యుణ్ణి నిలుపుకున్నారని చరిత్రకారులు వ్రాశారు. ఆ శిష్యుడే హారూన్ రషీద్ కాలంలో ప్రధాన ఖాజీ అయ్యాడు. ఎన్నో మస్‌అలాలలో గురువుతో విభేదించాడు. అయినా హనఫీ మజ్‌హబ్‌కు ఆయనే మూలస్తంభం.

మళ్లీ బందరుకు వస్తే, నోబుల్ పేరిట వెలసిన కళాశాలలోనే రఘుపతి వెంకటరత్నం నాయుడుగారు (1862-1939) పాఠం చెప్పారు. తండ్రి సైనికోద్యోగి కావడంతో బాల్యం ఉత్తరాదిన గడిచి ఉర్దూ, పారశీకాలు అబ్బాయి. తరువాత సికిందరాబాదు మహబూబ్ కాలేజీకీ, పిఠాపురం కళాశాలకూ ప్రిన్సిపాలుగా పనిచేశారు. జీతంలో పెద్దభాగం పేద విద్యార్థులకే ఖర్చుపెట్టేవారు. ఆయనా బ్రహ్మసమాజ ప్రచారకులే, నచ్చిన మాట గట్టిగానే చెప్పేవారు. అయితే శిష్యరికానికి మతం మారడం షరతు కాలేదు.

బందరులో ఆయన వద్ద చదివిన భోగరాజు పట్టాభి సీతారామయ్య, ముట్నూరి కృష్ణారావు స్వాతంత్ర్యోద్యమంలో నడిచారు. గురువుగారేమో 1924లో ఆంగ్ల ప్రభుత్వం ఇచ్చిన 'సర్' బిరుదు స్వీకరించారు. దారులు వేరయ్యాయి గాని గౌరవం తగ్గలేదు. ఆ ఇద్దరూ కోపల్లె హనుమంతరావుతో కలిసి 1910లో అదే బందరులో ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పారు. అక్కడ పుస్తకంతోపాటు చేతిపనులు కూడా నేర్పారు.