వానకూ పంటకూ నడుమ: కర్నూలు, కడప సీమల తిరునాళ్ల చరిత్ర

కర్నూలు, కడప ప్రాంతాల పండుగల చరిత్రకు పంచాంగం ఒక్కటే ఆధారంగా చాలదు. సాలు పొడవునా సగటున 700 మిల్లీమీటర్ల చుట్టుపక్కల మాత్రమే వాన కురిసే ఈ సీమలో, ఏ వేడుక ఊరంతటినీ కదిలిస్తుందో, ఏది ఇంటి గడప దాటకుండా ముగుస్తుందో నిర్ణయించేది చాలావరకు పొలం పనే. నల్లరేగడి నేలల్లో జొన్న, శనగ కోతలు ముగిసి గింజ ఇంటికి చేరిన మాఘమాసం మొదలుకొని, ముంగారు వానల కోసం దుక్కులు సిద్ధం చేసుకునే వైశాఖం దాకా చేతులు ఖాళీగా ఉంటాయి. తిరునాళ్లు, అంటే దేవుని ఉత్సవమూ సంతా కలిసిన పెద్ద కూడికలు, ఎక్కువగా ఈ నెలల్లోనే జరగడం కాకతాళీయం కాదు. ఎడ్ల బేరాలు కుదిరేదీ, పెళ్లి సంబంధాలు మాట్లాడుకునేదీ అక్కడే కాగా, బండలాగుడు పోటీల్లో నిర్ణీత సమయంలో బండను ఎక్కువ దూరం లాగిన కాడికి పేరు రావడమే గాక మంచి ధర కూడా పలుకుతుంది.

ఈ నెలలకు ముందే, సంక్రాంతి మరునాడైన కనుమతో మొదలయ్యే అహోబిలం పార్వేట ఉత్సవం ఈ సీమ పండుగలన్నింటిలోకీ విలక్షణమైనది. పార్వేట అంటే దేవుడు వేటకు వెళ్లే ఉత్సవం. తక్కిన క్షేత్రాల్లో ఇది ఒక పూటలో ముగిసే లాంఛనం కాగా, అహోబిలంలో మాత్రం జ్వాలానరసింహ, ప్రహ్లాదవరద స్వాముల ఉత్సవమూర్తులు ఒకే పల్లకిలో కొండ దిగి, ఆళ్లగడ్డ, రుద్రవరం పరిసరాల్లోని ముప్పైకి పైగా ఊళ్లలో సుమారు నలభై ఐదు రోజులు తిరుగుతాయి. ఫాల్గుణంలో జరిగే తన కల్యాణానికి స్వామి స్వయంగా పిలుపులకు బయలుదేరాడన్నది జనం చెప్పుకొనే కారణం. నల్లమల చెంచుల ఆడపడుచు చెంచులక్ష్మిని స్వామి పెళ్లాడాడన్న కథను బట్టి వారు అత్తింటివారవుతారు గనుక, పల్లకి కదిలేముందు విల్లు ఎక్కుపెట్టి బాణాలు వేసే మర్యాద చెంచులదే. వంశపారంపర్యంగా బోయీలు మోసే ఆ పల్లకిని ఊళ్లలో ‘తెలుపు’ అనే అరుగుమీద దింపుతారు. పల్లకి వచ్చే రోజు ముందే ఖాయమై ఉండటం వల్ల ఆ ఊళ్లవారు సంక్రాంతి కన్నా ఆ రోజుకే ఆడబిడ్డలనూ అల్లుళ్లనూ పిలుచుకొని కొత్తబట్టలు పెడతారు. పండుగ తేదీ ఊరూరికీ మారుతూ పోయే ఈ ఏర్పాటులో, గుడికి రాలేని ప్రజల వద్దకు గుడే నడిచి వెళ్లడమన్న అహోబిల మఠ సంప్రదాయమూ, చెంచులతో, రైతులతో పొత్తు నిలుపుకోవలసిన క్షేత్రపు అవసరమూ రెండూ కనిపిస్తాయి. శ్రీకృష్ణదేవరాయల సందర్శననూ, అదే పదహారో శతాబ్ది చివరి పాదంలో గోల్కొండ సైన్యాల దోపిడీనీ చూసిన అహోబిలం, రాజుల ఆదరణ పోయాక కూడా నిలదొక్కుకోవడంలో ఈ పల్లెల బంధానికి పెద్ద పాలే ఉందని భావించవచ్చు.

శ్రీశైలంలో శివరాత్రి నాటి పాగాలంకరణ, అంటే చేనేత కుటుంబం నేసిన పొడవాటి వస్త్రాన్ని లింగోద్భవ సమయాన చీకట్లో ఆలయ విమానశిఖరం నుంచి మండపం మీది నందుల దాకా చుట్టే సేవ, అందరికీ తెలిసినదే. అయితే కర్నూలు పల్లెలమీద ఎక్కువ ముద్ర వేసినది ఉగాదికి సాగే కన్నడిగుల నడక. భ్రమరాంబను తమ ఇంటి ఆడపడుచుగా, మల్లికార్జునుని అల్లునిగా భావించే వేలమంది ఆత్మకూరు, వెంకటాపురం మీదుగా నల్లమలలో ప్రవేశించి, నాగలూటి, పెచ్చెరువు, భీమునికొలను దాటి కైలాసద్వారం చేరుకుంటారు. దారిపొడవునా మజ్జిగ, అన్నం పెట్టడం ఆ ఊళ్లవారు తమ పండుగగానే చేసుకుంటారు. అదే ఉగాది నాడు దేవుని కడపలో వెంకటేశ్వరునికి ముస్లిం కుటుంబాలు కొబ్బరికాయలు సమర్పిస్తాయి. స్వామిని పెళ్లాడిన బీబీ నాంచారి తమ ఇంటి పిల్ల అన్నది ఆ మొక్కుకు మూలం. శ్రీశైలంలోనూ, అహోబిలంలోనూ, కడపలోనూ వియ్యమే కథకు ఇరుసు కావడం గమనించదగినది. వేరువేరు సమూహాలు ఒకే దేవుని వద్దకు రావడానికి ఈ సీమ ఎంచుకున్న దారి చుట్టరికం. ఆస్పరి మండలం కైరుప్పలలో ఉగాది మరునాడు రెండు పక్షాలు పిడకలు రువ్వుకోవడం కూడా వీరభద్రుడికీ కాళికకూ నడుమ పెళ్లి విషయమై వచ్చిన తగవుకు గుర్తుగానే.

వీటి పక్కన ఒంటిమిట్ట కోదండరాముని కల్యాణం వేరే తరహా చరిత్ర కలది. చైత్ర శుద్ధ చతుర్దశి రాత్రి, వెన్నెలలో జరిగే ఈ పాత ఆచారానికి ప్రభుత్వ లాంఛనం కొత్తది: అంతవరకు ప్రభుత్వ లాంఛనాలతో రాముని కల్యాణం జరిగే భద్రాచలం 2014 రాష్ట్ర విభజనతో తెలంగాణలో ఉండిపోగా, 2015లో ఒంటిమిట్ట తిరుమల తిరుపతి దేవస్థానాల ఆధీనంలోకి వచ్చి ఆంధ్రప్రదేశ్ అధికారిక కల్యాణానికి వేదికయింది.

జ్యేష్ఠ పౌర్ణమి నాటి ఏరువాకతో పండుగల స్వభావమే మారుతుంది. ఆదోని, ఆలూరు ప్రాంతాల్లో ఎద్దులను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, ఓళిగలు తినిపించి, సాయంత్రం ఊరి వాకిట పరుగెత్తిస్తారు. ఏ రంగు ఎద్దు ముందుకు వస్తే ఆ రంగు గింజ బాగా పండుతుందని కన్నడ సరిహద్దు పల్లెల నమ్మకం. వాన ముఖం చాటేస్తే పంచాంగంలో లేని పండుగలు పుట్టుకొస్తాయి: రోకలికి కప్పను కట్టి ఇంటింటా నీళ్లు పోయించడం, విరాటపర్వం చదివించడం, బండమీద వరదపాయసం పోసి నాలుకతో నాకడం అటువంటివి. ఇవి ఎంత తరచుగా జరిగితే ఆ దశాబ్దం అంత గడ్డుది. 1876 నాటి ధాత కరువును తరతరాలు తలచుకున్న ఈ ప్రాంతంలో వీటిని వినోదాలుగా చూడటం పొరపాటు.

ఇక విజయదశమి అర్ధరాత్రి హొళగుంద మండలంలోని దేవరగట్టులో జరిగే బన్ని ఉత్సవం ఏటా పత్రికలకు ‘కర్రల సమరం’గానే కనిపిస్తుంది. మాళమల్లేశ్వరుని కల్యాణం ముగిశాక, నెరణికి, నెరణికి తండా, కొత్తపేట గ్రామస్థులు దివిటీల వెలుగులో విగ్రహాలకు కాపుగా కొండ దిగుతుండగా, చుట్టుపక్కల ఊళ్లవారు వాటిని దక్కించుకోవడానికి కర్రలతో తలపడతారు. తలలు పగలడం, కొన్ని ఏళ్లలో ప్రాణాలు పోవడం నిజమే గనుక పోలీసుల ఆంక్షలను తప్పుపట్టడానికి లేదు. అయితే దాన్ని ఒంటరి మొండితనంగా చూస్తే అసలు సంగతి తప్పిపోతుంది. మణి, మల్ల అనే అసురులను శివుడు భైరవరూపంలో వధించాడన్న ఇదే కథ కర్ణాటకలోని మైలారలింగానికీ, మహారాష్ట్రలోని జెజూరి ఖండోబాకూ ఉంది. గొంగడి కప్పుకొని ఢమరుకం వాయించే గొరవయ్యలు, చల్లుకునే పసుపు బండారు, అన్నీ ఆ గొర్రెలకాపరుల మతానికి చెందినవే. కర్రలు పట్టే ముందు పాలు తాకి చేసే ‘పాలబాస’, అంటే పగలు పెట్టుకోబోమన్న ప్రమాణం, ఆ పోరుకు కట్టిన హద్దు. తెల్లవారుజామున పూజారి చెప్పే కార్ణికం, అంటే భవిష్యవాణి, కోసమే చాలామంది రాత్రంతా కాచుకుని ఉంటారు. అందులో వచ్చేది వానల మాట, పంటల మాట, ధరల మాట.

పొలం పనే పండుగను నిర్ణయిస్తుందని మొదట చెప్పిన సూత్రానికి లొంగని పండుగ ఒకటుంది. తెలుగు చాంద్రమానం సుమారు ముప్పైమూడు నెలలకొక అధికమాసం కలుపుకొని రుతువులతో సరిపెట్టుకుంటుంది గాని, 354 రోజుల హిజ్రీ సంవత్సరానికి ఆ ఏర్పాటు లేదు. అందువల్ల మొహర్రం ఏటా పదకొండు రోజుల చొప్పున వెనక్కు జరుగుతూ దాదాపు ముప్పైమూడేళ్లలో అన్ని కాలాలనూ చుట్టివస్తుంది. విత్తనం వేసే నెలలో పడ్డా పల్లెల్లో పీర్లను నిలబెట్టడం ఆగదు. చావడి ముందు గుండం తవ్వి, నిప్పు రాజేసి, దాని చుట్టూ ఆడి, ఆ బూడిదను నొసట పెట్టుకునేవారిలో హిందువులే ఎక్కువగా ఉన్న ఊళ్లు ఈ రెండు సీమల్లో కొల్లలు. పని తీరికే పండుగకు మూలమన్న వాదన అక్కడికి వచ్చేసరికి చాలదు. మొక్కు బలాన్ని కూడా లెక్కలోకి తీసుకోక తప్పదు. పందొమ్మిదో శతాబ్ది తొలి సంవత్సరాల్లో కాలిన్ మెకంజీ సేకరింపజేసిన కడప సీమ కైఫియతుల్లో, అంటే ఊళ్ల వృత్తాంతాల్లో, ఊళ్ల దేవుళ్లు, వారికిచ్చిన ఇనాములు నమోదై ఉన్నాయి. వాటిని నేటి తిరునాళ్లతో ఊరివారీగా సరిపోల్చే పనికి పరిశోధకులు ఇకనైనా పూనుకోవాలి.