చౌరస్తాలోని పాత కట్టడము – మొజంజాహి మార్కెట్టు నేర్పిన పాఠము



నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల నుండి పనిమీద హైదరాబాదు పోయి వచ్చిన వారిలో మొజంజాహి మార్కెట్టు చౌరస్తా ఎరుగని వారు అరుదు. ఆబిడ్స్, నాంపల్లి, కోఠి, అఫ్జల్‌గంజ్, బేగంబజారుల వైపు పోవు దారులు అక్కడ కలుస్తాయి. ఆ కూడలిలో గడియారపు గోపురము, దానికి ఇరువైపులా రెక్కలవలె సాగిన కొట్ల వరుసలు గల రాతి కట్టడమే ఆ మార్కెట్టు. అయితే మనలో చాలామంది దానిని ఏండ్ల తరబడి వికారమైన పాత కట్టడముగానే చూశాము. అది నిజముగా వికారమైనదేనా? ఆ సంగతిని చరిత్రలోనికి పోయి చూద్దాము.

1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాదును ముంచివేసి వేలాది ప్రాణములను బలిగొన్నది. ఆ విపత్తు తరువాత నగరమును చక్కదిద్దుటకు 1912లో నగరాభివృద్ధి బోర్డు ఏర్పడినది. ఇరుకు బస్తీలను తొలగించి వెడల్పైన రోడ్లు, మార్కెట్లు, ఇండ్లు కట్టించుట దాని పని. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ గారి రెండవ కుమారుడు మొజంజా గారు ఆ బోర్డుకు అధ్యక్షులుగా ఉండిరి. 1935లో పూర్తయిన ఈ మార్కెట్టుకు ఆయన పేరే పెట్టారు. మన దోర్నకల్లు ఎపిఫనీ కెథడ్రల్ 1939లో ప్రతిష్ఠింపబడినది గనుక, రెండును ఇంచుమించు ఒకే కాలపు కట్టడములు.

పండ్లు, పూలు, మాంసము, అత్తరు, ఐస్‌క్రీము – ఇవన్నీ అమ్మిన చోటు అది. 1980 దశకములో పండ్ల టోకు వ్యాపారము గడ్డిఅన్నారమునకు తరలినది. మన నల్లగొండ బత్తాయి రైతు లారీలు ఆ తరువాత అక్కడికే పోయినవి. 2021లో ఆ మార్కెట్టు కూడ బాటసింగారమునకు తరలినది. పాత కట్టడము మాత్రము చౌరస్తాలోనే నిలిచినది. అయితే దాని మీద బరువు పెరుగుతూ వచ్చినది. వాన కురిసినప్పుడల్లా పైకప్పు మీద మరియొక పొర వేశారు. కొట్ల ముందుకు రేకులు దించారు. బోర్డులు, కరెంటు తీగలు గోడలను కప్పివేసినవి. రాతి సందులలో మొక్కలు మొలిచినవి. పొగకు రాయి నల్లబడినది. చూసిన వారు కట్టడమే చెడ్డదనుకొన్నారు.

2018లో పునరుద్ధరణ పని మొదలైనది. అప్పటి పురపాలక శాఖ ముఖ్య కార్యదర్శి అర్వింద్ కుమార్ గారు దానిని స్వయముగా పట్టించుకొన్నారు. ఆ పనిలో క్రొత్తగా చేర్చినదానికంటె తీసివేసినదే ఎక్కువ. పైకప్పు మీది పొరలను ఊడదీశారు, అదనపు నిర్మాణములను తొలగించారు, రాతిని కడిగారు, గడియారమును బాగుచేశారు. మరమ్మతులకు సున్నమునే వాడారు. దీనికి కారణమున్నది. పాత గోడ లోపలి తేమ సున్నము గుండా బయటకు పోగలదు. దాని మీద సిమెంటు పూసినచో తేమ లోపలనే నిలిచి గోడను తినివేయును. మనము మేలని చేసిన పూతయే కీడగును. 2020 ఆగస్టు 14న అప్పటి మంత్రి కె.టి. రామారావు గారు మార్కెట్టును తిరిగి ప్రారంభించారు. చిన్న వ్యాపారులు తమ కొట్లలోనే నిలిచిరి. అది నాకు మరింత సంతోషము కలిగించిన సంగతి. కొట్లవారిని వెళ్లగొట్టి గోడలను మెరిపించినచో అది మార్కెట్టు కాదు, బొమ్మ మాత్రమే.

ఇప్పుడు అక్కడ నిలుచున్నవారు తేనెరంగు చాయగల రాతిని, తోరణములను చూచి, “ఇంత అందము ఇన్నాళ్లు ఎక్కడున్నది?” అని అడుగుతారు. అది అక్కడనే ఉన్నది. మన అశ్రద్ధ దానిని కప్పివేసినది.

ఈ శతవార్షిక సమయములో మన పల్లెలలోను, పట్టణములలోను పాత మందిరములను, బడులను, బోర్డింగు ఇండ్లను గూర్చి మాటలు నడుచుచున్నవి. “కూలగొట్టి క్రొత్తది కడుదాము” అనుట సులభము. కొన్నిటికి అది తప్పకపోవచ్చును. గోడ ప్రాణాపాయమైనచో దానిని కాపాడుట భక్తి కాదు. అయితే తీర్మానము చేయక ముందు ఒక్క పని చేయవలెనని నా మనవి. తెలిసిన మేస్త్రీని పిలిచి, పై పూతలను తీయించి, అసలు గోడను చూడవలెను. మన పెద్దలు తమ బీదరికములో రాయి రాయి మోసి కట్టినదానిని, చూడకుండనే వికారమైనదని తీర్పు తీర్చుట న్యాయము కాదు.