పొగ చెప్పే పుట్టుక

‘జపాన్ పాత రాకు గిన్నె’ అని ఎవరైనా చేతికిస్తే ముందు తిరగేసి అడుగు చూడండి. గ్లేజు అంటని చోట మట్టి నల్లగా పొగచూరి ఉందా? తెల్లటి గ్లేజు మీద పగుళ్లు నల్లటి దారాల్లా పాకాయా? అయితే అది ఇరవయ్యో శతాబ్దంలో అమెరికాలో స్థిరపడిన పద్ధతిలో చేసింది.

క్యోటోలో 16వ శతాబ్దం చివర, టీ గురువు సెన్ నో రిక్యూ అభిరుచి మేరకు కుమ్మరి చోజిరో మలిచిన అసలు రాకు గిన్నెలు వేరు. సారె ఎక్కించకుండా చేత్తో ఒత్తి, అంచులు చెక్కేవారు. నల్ల గిన్నెను నిప్పులా కాలుతుండగానే పటకారుతో బట్టీలోంచి లాగి ఆరుబయట చల్లారనిచ్చేవారు. ఆ నలుపు కామో నది రాళ్లను పొడిచేసి కలిపిన గ్లేజుది. పొగకు అందులో పాత్ర లేదు. చోజిరోతో మొదలైన రాకు వంశంలో పదహారో తరం ఇప్పటికీ అక్కడే ఈ పని చేస్తోంది.

బ్రిటిష్ కళాకారుడు బెర్నార్డ్ లీచ్ 1911లో టోక్యోలో ఒక విందులో రాకు కాల్చడం చూసి కుండల పనిలోకి దిగాడు. 1940లో ఆయన రాసిన పుస్తకం కాలిఫోర్నియాలో కుమ్మరి పాల్ సోల్డ్‌నర్ చేతికి చేరింది. 1960లో సోల్డ్‌నర్ కాల్చిన గిన్నె చప్పగా వచ్చింది. మండుతున్న దాన్నే పక్కనున్న ఎండుటాకుల్లో దొర్లించాడు. పొగ పట్టాక ఆ గిన్నె అందమే మారిపోయింది.

స్టూడియోల్లో ఇప్పుడు ఆకులకు బదులు రంపపు పొట్టు వాడతారు. సుమారు వెయ్యి డిగ్రీల వేడిలో ఉన్న పాత్రను పొట్టు పోసిన డబ్బాలో పెట్టి మూత బిగిస్తారు. గాలి అందని మంట పొగను పగుళ్లలోకి, పూత లేని మట్టిలోకి ఎక్కిస్తుంది. గ్లేజులోని రాగిని లోహంగా మార్చి తళతళలాడిస్తుంది. మన ప్రాంతపు బృహత్ శిలాయుగ సమాధుల్లో దొరికే నలుపు-ఎరుపు కుండల నలుపూ గాలి అందని కాల్పుతో వచ్చిందే.

పగుళ్లలో సిరా రుద్ది మోసం చేసినవీ ఉంటాయి. వాటికి గీతలు నల్లగా ఉన్నా అడుగు మట్టి తేటగానే ఉంటుంది. అనుమానముంటే అడుగున ఒక నీటిచుక్క వేయండి. నిజమైన స్టూడియో రాకు మట్టి గుల్లగా ఉంటుంది కాబట్టి చుక్క ఇంకిపోతుంది; వేలితో తడితే మోగదు, మొద్దుగా పలుకుతుంది. అంచున పటకారు నొక్కు కూడా కనిపించవచ్చు. రాగి మెరుపు మందగించి ఉంటే నకిలీ అనుకోకండి, గాలి తగిలి ఏళ్ల మీద అలా తగ్గుతుంది.

రాకు వంశపు చాలా గిన్నెల మీద తరాన్ని బట్టి ముద్రలు ఉంటాయి. స్టూడియో పాత్రల అడుగున చేసినవారి సంతకం గీరి ఉండడం మామూలు. దాన్ని వదిలేసి జపాన్ పేరు తగిలించి అమ్మడం ఆ చేతులకు అన్యాయం. ముందు ఆ సంతకాన్ని భూతద్దంతో చదవండి.