ప్రైమరీ ఎవరిది? అమెరికాలో క్రాసోవర్ ఓటింగ్, దాని నియంత్రణ: ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

తెలుగు పాఠకులకు 'క్రాస్ ఓటింగ్' అనగానే రాజ్యసభ ఎన్నికలు గుర్తుకు వస్తాయి. పార్టీ నిర్ణయాన్ని ధిక్కరించి శాసనసభ్యుడు మరొక పార్టీ అభ్యర్థికి ఓటు వేయడం అక్కడి సమస్య. దానిని అరికట్టడానికి 2003లో చట్టాన్ని సవరించి బహిరంగ ఓటింగ్‌ను ప్రవేశపెట్టారు. 2006లో కులదీప్ నయ్యర్ కేసులో సుప్రీంకోర్టు ఆ సవరణను సమర్థించింది. అమెరికాలో 'క్రాసోవర్ ఓటింగ్' అనే మాట వేరొక విషయాన్ని సూచిస్తుంది. అక్కడ గీత దాటేది సామాన్య ఓటరు. ఒక పార్టీ తన అభ్యర్థిని ఎంచుకొనే ప్రైమరీ ఎన్నికలో మరో పార్టీని అభిమానించే ఓటరు పాల్గొనడమే క్రాసోవర్. శాసనసభ్యుడు పార్టీ టికెట్టుపై గెలిచినవాడు కనుక పార్టీకి జవాబుదారీ. ఓటరు ఏ పార్టీకి జవాబుదారీ? నియంత్రణ వివాదమంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది. దీనికి అమెరికా న్యాయస్థానాలు వేర్వేరు కాలాల్లో వేర్వేరు సమాధానాలు ఇచ్చాయి.

విస్కాన్సిన్: తాత చట్టం, మనుమడి వ్యాజ్యం

పందొమ్మిదో శతాబ్దంలో అభ్యర్థులను పార్టీ సమావేశాలే నిర్ణయించేవి. విస్కాన్సిన్‌లో ఆ సమావేశాలు రైల్వే, కలప వ్యాపార వర్గాల కనుసన్నలలో నడుస్తున్నాయని గవర్నర్ రాబర్ట్ లాఫోలెట్ పోరాడాడు. ఆయన కృషితో 1903లో ప్రైమరీ చట్టం వచ్చింది. 1904లో ప్రజలు దానిని ఓటింగులో ఆమోదించారు. ఈ చట్టంలోని ప్రత్యేకత ఓటరు పార్టీ ఎంపిక సైతం రహస్యంగా ఉండటం. ఓటరు తన పార్టీ ఏదో ఎవరికీ ప్రకటించనక్కరలేదు. ఓటు గదిలోకి వెళ్ళాకే ఏ పార్టీ బ్యాలెట్‌ను వాడాలో తేల్చుకుంటాడు. యజమాని ఒత్తిడికీ, స్థానిక నాయకుడి బెదిరింపుకూ లొంగకుండా ఓటు వేయగలగాలన్నదే ఇందులోని ఆంతర్యం. క్రాసోవర్‌కు తలుపు తెరిచినది ఈ రహస్యమే.

1964లో ఆ తలుపు డెమోక్రటిక్ నాయకత్వాన్ని కలవరపెట్టింది. జాతి విభజనను సమర్థించిన అలబామా గవర్నర్ జార్జ్ వాలెస్, ఉత్తరాది రాష్ట్రమైన విస్కాన్సిన్ డెమోక్రటిక్ ప్రైమరీలో దాదాపు మూడోవంతు ఓట్లు సంపాదించాడు. అందులో రిపబ్లికన్ల ఓట్లు గణనీయంగా ఉన్నాయన్న వాదన బలంగా వినిపించింది. ఆ తరువాతి దశాబ్దంలో డెమోక్రటిక్ జాతీయ పార్టీ తన నియమావళిని మార్చుకొంది. అధ్యక్ష అభ్యర్థి ఎంపికలో డెమోక్రాట్లుగా బహిరంగంగా ప్రకటించుకొన్నవారే పాల్గొనాలని నిర్దేశించింది. విస్కాన్సిన్ తన చట్టాన్ని వదులుకోలేదు. వ్యాజ్యం సుప్రీంకోర్టుకు చేరినప్పుడు రాష్ట్రం పక్షాన నిలిచిన అటార్నీ జనరల్ బ్రాన్సన్ లాఫోలెట్ ఆ గవర్నర్‌కు స్వయానా మనుమడు.

1981లో 6-3 తేడాతో తీర్పు పార్టీ పక్షాన వచ్చింది. రాష్ట్రం తన ఇష్టప్రకారం ఓపెన్ ప్రైమరీ జరుపుకోవచ్చు గాని, ఆ ఫలితానికి కట్టుబడి ఉండాలని జాతీయ పార్టీని శాసించలేదని న్యాయమూర్తి స్టూవర్ట్ తేల్చాడు. రాష్ట్ర చట్టం పార్టీ సంఘ స్వేచ్ఛపై మోపుతున్న భారం స్వల్పమేనని పావెల్ తన అసమ్మతి తీర్పులో అభిప్రాయపడ్డాడు. ఫలితంగా 1984లో విస్కాన్సిన్ డెమోక్రాట్లు ప్రైమరీని పక్కనపెట్టి కాకస్ సమావేశాల ద్వారా ప్రతినిధులను ఎంపిక చేశారు. ఆ ఏర్పాటు నిలవలేదు. జాతీయ పార్టీయే పట్టు సడలించి 1988 నాటికి ఓపెన్ ప్రైమరీకి అనుమతి ఇచ్చింది. న్యాయస్థానంలో గెలిచిన హక్కును పార్టీ వినియోగించుకోలేకపోవడం గమనార్హం.

శ్వేత ప్రైమరీ నీడ

పార్టీ తన తలుపు తానే మూసుకోవచ్చన్న వాదనకు అంతకు ముందే ఒక చేదు చరిత్ర ఉంది. దక్షిణాదిలో డెమోక్రటిక్ ప్రైమరీలో గెలిస్తే నవంబరు ఎన్నికలో గెలిచినట్లే. టెక్సాస్ 1923లో నల్లజాతివారిని ఆ ప్రైమరీ నుండి చట్టం ద్వారా బహిష్కరించింది. 1927లో కోర్టు ఆ చట్టాన్ని కొట్టివేసింది. అప్పుడు పార్టీ అదే నిషేధాన్ని తన సొంత తీర్మానంగా చేసుకొంది. పార్టీ ప్రైవేటు సంఘం కనుక సభ్యత్వం దాని ఇష్టమని 1935లో కోర్టు అంగీకరించింది. 1944 నాటి స్మిత్ వర్సెస్ ఆల్‌రైట్ తీర్పు ఆ వైఖరిని తిరగదోడి, రాజ్యాంగబద్ధమైన ఎన్నికల ప్రక్రియలో ప్రైమరీ అంతర్భాగమని ప్రకటించింది.

ఈ రెండు ధోరణుల మధ్య వైరుధ్యం 2000లో కాలిఫోర్నియా కేసులో బయటపడింది. 1996లో ఆ రాష్ట్ర ఓటర్లు 198వ ప్రతిపాదన ద్వారా అన్ని పార్టీల అభ్యర్థులను ఒకే బ్యాలెట్‌పై ఉంచే పద్ధతిని ఎంచుకొన్నారు. సుప్రీంకోర్టు 7-2 తేడాతో దానిని రద్దు చేసింది. శ్వేత ప్రైమరీ తీర్పుల అర్థం పార్టీ వ్యవహారాలన్నీ ప్రజావ్యవహారాలని కాదని స్కాలియా వివరించాడు. జాతి వివక్షకు సంబంధించినంతవరకు ఆ విభజన సమంజసమే. కాని ఒకే పార్టీ ఆధిపత్యం ఉన్నచోట ప్రైమరీకి బయట మిగిలిన ఓటుకు విలువ ఏమిటన్న ప్రశ్నకు అందులో జవాబు దొరకదు.

చొరబాటు భయం, వాస్తవం

నియంత్రణ కోరేవారు తరచు చూపే ప్రమాదం 'రెయిడింగ్', అంటే ప్రత్యర్థి పార్టీలో బలహీనుణ్ణి గెలిపించడానికి జరిగే వ్యూహాత్మక చొరబాటు. 2008లో రేడియో వ్యాఖ్యాత రష్ లింబా 'ఆపరేషన్ కేయాస్' పేరిట, డెమోక్రటిక్ పోటీని సాగదీయడానికి హిల్లరీ క్లింటన్‌కు ఓటు వేయమని రిపబ్లికన్లకు పిలుపునిచ్చాడు. ఇటువంటి పిలుపులు ఉన్నమాట నిజమే. అయితే క్రాసోవర్ ఓటర్లలో ఎక్కువమంది తమకు నిజంగా నచ్చినవారికో, ఉన్నవారిలో మెరుగనిపించినవారికో వేస్తారని సర్వే పరిశోధనలు ఎక్కువగా సూచించాయి. ఎదుటి పార్టీని దెబ్బతీయాలంటే తన పార్టీ పోటీలో ఓటును వదులుకోవాలి. సామాన్య ఓటరు అంత శ్రమ పడడు.

2014 మిసిసిపీ ఇందుకు మంచి ఉదాహరణ. రిపబ్లికన్ సెనేట్ ప్రైమరీ తొలి విడతలో క్రిస్ మెక్‌డేనియల్ కంటే స్వల్పంగా వెనుకబడిన థాడ్ కాక్రన్, జూన్ 24 నాటి రెండో విడతలో నల్లజాతి డెమోక్రటిక్ ఓటర్ల మద్దతు కూడగట్టుకొని నెగ్గాడు. అది చొరబాటు అని ఓడిన వర్గం ఆరోపించింది. 1982 తరువాత ఆ రాష్ట్రం నుండి డెమోక్రాట్ ఎవరూ సెనేటుకు ఎన్నిక కాలేదు. తమ సెనేటర్ ఎవరో తేలే అసలు ఎన్నికలో ఆ ఓటర్లు పాల్గొన్నారు, అంతే. ప్రైమరీలో గెలిచిన అభ్యర్థిని సమర్థించే ఉద్దేశం ఉన్నవారే ఓటు వేయాలని మిసిసిపీ చట్టం చెబుతుంది గాని, ఓటరు మనసులోని ఉద్దేశాన్ని పరీక్షించే సాధనం ఏ ఎన్నికల అధికారి దగ్గరా లేదు. మెక్‌డేనియల్ వేసిన దావా గడువు దాటిందన్న కారణంతో వీగిపోయింది.

గడువు విధించడం దీనికంటే ఆచరణసాధ్యమైన మార్గం. పార్టీ మార్పు నమోదుకు ముందస్తు తేదీ పెడితే అప్పటికప్పుడు గీత దాటేవారు తగ్గుతారు. స్థిరమైన ద్విపార్టీ పోటీ ఉన్న రాష్ట్రంలో ఈ నియమం అన్యాయం కాదు. పార్టీకి తన గుర్తింపును కాపాడుకొనే హక్కు ఉంటుంది. వయోమింగ్ పరిస్థితి వేరు. 2018లో మార్క్ గార్డన్ గవర్నర్ ప్రైమరీలో నెగ్గింది డెమోక్రాట్ల ఓట్లతోనేనని ఓడిన వర్గం ఆరోపించింది. 2022లో లిజ్ చెనీ కోసం డెమోక్రాట్లు రిపబ్లికన్లుగా నమోదు చేసుకొన్నారు. అయినా ఆమెకు 30 శాతం ఓట్లు కూడా రాలేదు. క్రాసోవర్ ఫలితాన్ని మార్చలేదని తేలిన మరుసటి ఏడాదే, 2023లో, అభ్యర్థుల నామినేషన్లు మొదలయ్యే మే నెల నుండి ఆగస్టు ప్రైమరీ ముగిసేవరకు పార్టీ మార్పును నిషేధించే బిల్లు ఆమోదం పొందింది. గవర్నర్ గార్డన్ దానిపై సంతకం చేయలేదు, వీటో కూడా చేయలేదు. అది అలాగే చట్టమైంది.