సంతకం లేని బొమ్మలు

మాది ఇబ్రహీంపట్నం అనగానే "ఓహో, కొండపల్లి పక్కనేగా!" అంటారు ఆఫీసులో ఆంధ్రా మిత్రులు. కాదండీ బాబూ, అది బెజవాడ దగ్గరది, 2022 నుంచీ ఎన్టీఆర్ జిల్లాలో ఉంది. మాది రంగారెడ్డి జిల్లాలో పెద్ద చెరువున్న ఊరు. అయితే ఈ పేరు గొడవ పుణ్యమా అని కొండపల్లి బొమ్మల మీద కాస్త ఆసక్తి పుట్టింది.

ఇంగ్లండులో బొమ్మ రైళ్ళ పిచ్చోళ్ళున్నారు. కొందరికి రైలు కంటే ప్లాట్‌ఫాం మీద నిలబెట్టే పోర్టరు, గార్డు బొమ్మలే ముఖ్యం. 1930ల మొదట్లో హార్న్‌బీ రైళ్ళకి తోడుగా మెకానో కంపెనీ అమ్మిన స్టేషను సిబ్బంది సీసంతో పోతపోసినవాళ్ళు. మొదటివాళ్ళు పొడుగు, తర్వాతివాళ్ళు కాస్త పొట్టి. ఎత్తు కొలిచి, పాత క్యాటలాగు తిరగేసి ఏ కాలానివో చెప్పేస్తారు. అంటే ఆ బొమ్మలకి డాక్యుమెంటేషన్ ఉందన్నమాట.

మన బొమ్మలకి అదే లేదు. పాత కొండపల్లి బొమ్మ కింద కంపెనీ ముద్ర ఉండదు, చేసినాయన పేరుండదు. మరి అటక మీది కొలువు పెట్టెలో దొరికిన బొమ్మ ఎక్కడిదో ఎలా చెప్పడం? ముందు చేతిలోకి తీసుకోండి. కొండపల్లిది తెల్ల పొణికి కర్ర, చాలా తేలిక. ఏటికొప్పాకది అంకుడు కర్ర, లేత్ మీద తిప్పి లక్క పూస్తారు కాబట్టి నున్నగా, గుండ్రంగా ఉంటుంది. కొండపల్లి వాళ్ళు తల, చేతులు విడిగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. ఆపైన సున్నం, దానిపైన రంగు. చెయ్యి ఊడిన బొమ్మయితే ఇంకా మంచిది, పొరలన్నీ కనబడతాయి! నిర్మల్‌తోనే చిక్కు. అక్కడా పొణికే వాడతారు. కల్లుగీసే మనిషో, అంబారీ ఏనుగో అయితే కొండపల్లి అనుకోవచ్చు గానీ, ఒంటరి పిట్ట దొరికితే నేనైతే పందెం కాయను.

ఇంతలో దసరా వస్తుంది. పాతబడ్డాయని బొమ్మలన్నిటికీ ఎనామిల్ రంగు కొట్టేస్తాం. ఉన్న ఒక్క ఆధారం దాని కిందకి పోతుంది. సీసపు పోర్టరు కొనేవాళ్ళు మాత్రం కొత్తగా మెరిసేదానికంటే పాత రంగు పెచ్చులూడినదానికే ఎక్కువ డబ్బిస్తారు.

కొండపల్లికి 2000లలో, ఏటికొప్పాకకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. కానీ అది ఊరి పేరుకి, చెక్కిన మనిషి పేరుకి కాదు.

మీ ఇంట్లో ఉంటే పొడిగుడ్డతో తుడవండి చాలు. తడి తగిలితే సున్నం లేచిపోతుంది. ఎక్కడ కొన్నారో, ఏ ఏడు కొన్నారో, ఎవరి దగ్గరో అమ్మమ్మనడిగి ఒక చీటీ రాసి ఆ పెట్టెలోనే పడెయ్యండి.