హుక్కు తగిలిస్తే సరిపోదు.. బరువు లెక్క తెలియాలి

* ట్రాలీలు, వ్యాన్లకు బరువు పరిమితులు ఇవీ
* ఆర్సీలోని రెండు అంకెలే ఆధారం
* లాగే శక్తి కంటే ఆపే శక్తే ముఖ్యం

భైంసా: సోయా కోతలు మొదలై పత్తి ఏరివేత ముగిసే వరకు భైంసా డివిజనులోని రహదారులపై ట్రాక్టర్లు, డీసీఎం వ్యాన్లు, ట్రాలీ ఆటోల రాకపోకలు బాగా పెరుగుతాయి. ముథోల్, కుభీర్, తానూర్, కుంటాల, లోకేశ్వరం మండలాల రైతులు పంటను మార్కెట్ యార్డుకు, జిన్నింగు మిల్లులకు తరలిస్తారు. అవే వాహనాలు మిగతా కాలంలో ఇసుక, మొరం, ఇటుకలు మోస్తాయి. ఏ వాహనంపై ఎంత బరువు వేయవచ్చు, వెనుక తగిలించిన ట్రాలీకి ఎంత పరిమితి ఉంటుంది అన్న విషయాలు మాత్రం పలువురు యజమానులకు, డ్రైవర్లకు స్పష్టంగా తెలియవు. 'ఇంజను లాగితే చాలు' అన్న ధోరణి ప్రమాదాలకు, జరిమానాలకు దారితీస్తోంది. కల్యాణ్-నిర్మల్ జాతీయ రహదారి పట్టణం మీదుగానే సాగుతున్నందున నిదానంగా వెళ్లే ట్రాలీలు, వేగంగా వచ్చే లారీలు ఒకే దారిని పంచుకోవలసి వస్తోంది. ఈ నేపథ్యంలో బరువు పరిమితులపై వాహనదారులు తెలుసుకోవలసిన అంశాలివి.

ఆర్సీలో చూడవలసినవి రెండే

ప్రతి రవాణా వాహనం ఆర్సీలో బరువుకు సంబంధించి రెండు అంకెలు ఉంటాయి. మొదటిది ఖాళీ బరువు. వాహనం, దానితో సాధారణంగా ఉండే సామగ్రి ఇందులోకి వస్తాయి. డ్రైవరు, క్లీనరు బరువు ఇందులో చేరదు. రెండోది మొత్తం బరువు. వాహనం, సరుకు, మనుషులు కలిపి రోడ్డుపై ఉండదగిన గరిష్ఠ బరువు ఇదే. రెండో అంకె నుంచి మొదటి అంకెను తీసివేస్తే మిగిలేది మోయదగిన బరువు. అందులోనే డ్రైవరు, క్లీనరు, తాళ్లు, తార్పాలిన్ల బరువు కూడా కలుస్తుంది.

ఉదాహరణకు ఒక డీసీఎం వ్యాను ఆర్సీలో మొత్తం బరువు 7,490 కిలోలు, ఖాళీ బరువు 3,300 కిలోలు ఉన్నాయనుకుంటే తేడా 4,190 కిలోలు. డ్రైవరు, క్లీనరుకు 140 కిలోలు పోగా మిగిలేది 4,050 కిలోలు, అంటే 40.5 క్వింటాళ్లు. 40 కిలోల ధాన్యం బస్తాలైతే 101కి మించి వేయరాదు. 'బండి నిండలేదు కదా' అని మరో ముప్పై బస్తాలు వేస్తే 12 క్వింటాళ్లు అదనంగా వేసినట్లే.

ట్రాలీకి వేరే లెక్క

మోటారు వాహనాల చట్టం-1988 ప్రకారం ట్రాలీ కూడా వాహనమే. దానికి విడిగా రిజిస్ట్రేషను, ఖాళీ బరువు, మొత్తం బరువు ఉంటాయి. ట్రాలీ నెంబరును దాని పక్క భాగంలో రాయాలి. లాగే వాహనం నెంబరు ట్రాలీ వెనుక భాగంలో కనిపించాలి. ఒక ట్రాక్టరు ఆర్సీ చూపి మరో రిజిస్ట్రేషను లేని ట్రాలీని నడపడం నేరమే.

ట్రాలీ తగిలించినప్పుడు మూడు పరిమితులను ఒకేసారి పాటించాలి. ట్రాలీ బరువు దాని ఆర్సీలోని మొత్తం బరువును దాటరాదు. లాగే వాహనం బరువు దాని సొంత పరిమితిలో ఉండాలి. రెండూ కలిపి తయారీదారు నిర్ణయించిన జంట బరువును మించరాదు. వ్యానులో నిండా సరుకు వేసి, వెనుక మరో ట్రాలీ తగిలిస్తే మొదటి రెండు పరిమితులు సరిపోయినా మూడోది దాటే అవకాశం ఉంది.

డీసీఎంలు, పికప్ వాహనాల వెనుక జనరేటర్లు, కాంక్రీటు మిక్సర్లు, కంప్రెసర్లు తగిలించి తీసుకెళ్లడం తరచూ కనిపిస్తుంది. తయారీదారు ఇచ్చిన పుస్తకంలో లాగే సామర్థ్యం పేర్కొనని వాహనానికి వెల్డింగు దుకాణంలో హుక్కు అమర్చుకోవడం సరికాదు. ఆర్సీ వివరాలకు, తయారీదారు నిర్దేశానికి విరుద్ధంగా వాహనాన్ని మార్చరాదని చట్టంలోని 52వ సెక్షను చెబుతోంది. ఛాసిస్‌కు హుక్కు తట్టుకునే బలం లేకపోతే గుంతలో పడినప్పుడు వెల్డింగు ఊడి ట్రాలీ రోడ్డుపై విడిగా దొర్లిపోతుంది.

పత్తి వేరు.. ఇసుక వేరు

కంటితో చూసి బరువు అంచనా వేయడం వల్లే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. వంద ఘనపుటడుగుల ట్రాలీ డబ్బాను తీసుకుంటే, అందులో వదులుగా పోసిన పత్తి నాలుగైదు క్వింటాళ్లకు మించి పట్టదు. అదే డబ్బాను పొడి ఇసుకతో అంచుల వరకు నింపితే సుమారు నాలుగున్నర టన్నులు అవుతుంది. వాగులోంచి అప్పుడే తీసిన తడి ఇసుక అయితే ఐదు టన్నులు దాటవచ్చు. ట్రాలీ అదే, నిండుదనమూ అదే, బరువు మాత్రం పది రెట్లు.

ఒక ట్రాలీ మొత్తం బరువు 6 టన్నులు, ఖాళీ బరువు 1.6 టన్నులు అనుకుంటే వేయదగినది 4.4 టన్నులు. అంచుల వరకు పోసిన పొడి ఇసుకతోనే ఆ పరిమితి దాటిపోతుంది. పైన గుట్టగా పోస్తే చెప్పనక్కరలేదు. ఇసుక, మొరం, కంకర విషయంలో డబ్బా నిండకముందే ఆపడం తప్పనిసరి.

పత్తిది మరో సమస్య. బరువు పరిమితి చాలా దూరంలో ఉండగానే డబ్బా నిండుతుంది. దాంతో చుట్టూ కర్రలు పాతి, వల కట్టి, తొక్కి, ఎత్తుగా నింపుతారు. బరువు కేంద్రం పైకి పోవడంతో మలుపులో, కాల్వ గట్టుపై ఒక చక్రం దిగినా బోల్తా పడుతుంది. పక్కలకు పెరిగిన బోరాలు ఎదురుగా వచ్చే ద్విచక్ర వాహనదారులకు తగులుతాయి. వెనుక లైట్లు, నెంబరు కనిపించవు. బరువు తక్కువే అయినా పక్కలకు, ఎత్తుకు పరిమితి మించితే 2019 సవరణ ప్రకారం అదీ ప్రత్యేక నేరమే.

ఆపడమే అసలు పరీక్ష

నలభై, యాభై హార్స్‌పవరు ట్రాక్టరు బరువు సుమారు రెండు టన్నులు. దాని వెనుక ఆరు టన్నుల ట్రాలీ ఉంటే కదులుతున్న మొత్తం బరువు ఎనిమిది టన్నులు. పొలం పనులకు వాడే ట్రాలీల్లో చాలా వాటికి సొంత బ్రేకులు ఉండవు. అంటే ట్రాక్టరు బ్రేకులు తమ బరువుకు నాలుగు రెట్ల బరువును ఆపవలసి వస్తుంది. తక్కువ గేరులో నెమ్మదిగా లాగగలిగిన ఇంజను వాలులో ఆ బరువును ఆపలేదు. ట్రాలీ ముందుకు తోసుకొచ్చి ట్రాక్టరును అడ్డంగా తిప్పేస్తుంది.

వేగం రెట్టింపైతే ఆపడానికి ఖర్చయ్యే శక్తి నాలుగు రెట్లవుతుంది. గంటకు 20 కిలోమీటర్ల వేగంలో అదుపులో ఉన్న ట్రాలీ, 40 కిలోమీటర్ల వేగంలో అదే దూరంలో ఆగదు. నిర్మల్ దాటాక మహబూబ్ ఘాట్ వంటి చోట్ల దిగేటప్పుడు న్యూట్రల్‌లో వదలడం ప్రాణాంతకం. ఎక్కిన గేరులోనే దిగాలన్న పాత డ్రైవర్ల మాట అక్షరాలా నిజం.

బ్రిటన్‌లో బ్రేకులు లేని ట్రాలీ మొత్తం బరువు 750 కిలోలకు గాని, లాగే వాహనం ఖాళీ బరువులో సగానికి గాని, ఏది తక్కువైతే దానికి మించరాదు. మన వద్ద బ్రేకులు లేని ట్రాలీలపై టన్నుల కొద్దీ సరుకు వేస్తున్న తీరుతో పోలిస్తే తేడా తెలుస్తుంది. కొత్త ట్రాలీ కొనేవారు బ్రేకులున్న దానిని ఎంచుకోవడం మేలు.

సరుకు ఎక్కడ పెట్టారన్నదీ ముఖ్యమే

రెండు చక్రాల ట్రాలీలో బరువు కొంత ఇరుసుపై, కొంత హుక్కుపై పడుతుంది. సరుకంతా వెనక్కి వేస్తే హుక్కు పైకి లేస్తుంది. ట్రాక్టరు వెనుక చక్రాల పట్టు తగ్గి ట్రాలీ తోకలా ఊగుతుంది. అంతా ముందుకు వేస్తే ట్రాక్టరు ముందు చక్రాలు తేలిపోయి స్టీరింగు పనిచేయదు. బరువైన వాటిని ఇరుసుకు కొద్దిగా ముందు, అడుగున సర్దాలి. కార్లు, వ్యాన్ల వెనుక తగిలించే చిన్న ట్రాలీల విషయంలో మొత్తం ట్రాలీ బరువులో 10 నుంచి 15 శాతం హుక్కుపై ఉండాలని అమెరికాలో వాహన తయారీదారులు సూచిస్తారు. హుక్కుపై పడే ఆ బరువు వ్యాను సొంత బరువులోనే కలుస్తుందని మరువరాదు.

మనుషులు సరుకు కాదు

కూలీలను, పెళ్లి బృందాలను, జాతరలకు వెళ్లేవారిని ట్రాలీల్లో తరలించడం ఇంకా కొనసాగుతోంది. ముప్పై మంది ఎక్కితే సుమారు 18 క్వింటాళ్లు. ఆర్సీ ప్రకారం ఇది తక్కువే. అయితే బస్తాల మాదిరిగా ఈ బరువు కదలకుండా ఉండదు. మలుపులో అందరూ ఒకవైపు ఒరిగితే ట్రాలీ బోల్తా పడుతుంది. 2018 జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలంలో కూలీలతో వెళుతున్న ట్రాక్టరు మూసీ కాల్వలో పడిన దుర్ఘటనలో పదిహేను మంది దాకా మృత్యువాత పడ్డారు. మృతుల్లో అత్యధికులు మహిళలే. అదే ఏడాది సెప్టెంబరు 11న జగిత్యాల జిల్లా కొండగట్టు ఘాట్‌లో సుమారు వంద మందితో దిగుతున్న ఆర్టీసీ బస్సు లోయలో పడి అరవై మందికి పైగా మరణించారు. వాలు రోడ్డుపై పరిమితి మించిన భారం ఎంత ప్రమాదమో ఉత్తర తెలంగాణ నాడు చూసింది.

చట్టం ఏం చెబుతోంది

చట్టంలోని 113వ సెక్షను ప్రకారం ఆర్సీలో నమోదైన మొత్తం బరువుకు మించి వాహనాన్ని గాని, ట్రాలీని గాని నడపరాదు. డ్రైవరు వేరు, యజమాని వేరు అయినప్పుడు యజమానికి తెలిసే, అతని ఆదేశంతోనే అధిక లోడు వేశారని కోర్టు భావించవచ్చు. 'నాకు తెలియదు, డ్రైవరు వేశాడు' అన్న వాదన నిలవడం కష్టం.

అనుమానం వస్తే అధికారులు వాహనాన్ని తూకం వేయించవచ్చు. వెళ్లే దారిలో 10 కిలోమీటర్లలోపు గాని, గమ్యస్థానానికి 20 కిలోమీటర్లలోపు గాని ఉన్న కాంటాకు తీసుకెళ్లాలని 114వ సెక్షను పేర్కొంటోంది. 2019 సెప్టెంబరు 1న అమలులోకి వచ్చిన సవరణతో అధిక లోడుకు రూ.20 వేలు, అదనంగా ప్రతి టన్నుకు రూ.2 వేల చొప్పున జరిమానాను 194వ సెక్షనులో చేర్చారు. అంతకుముందు ఇది రూ.2 వేలు, టన్నుకు రూ.వెయ్యిగా ఉండేది. ఎక్కువైన సరుకు దించే ఖర్చు కూడా వాహనదారే భరించాలి, దించేదాకా వాహనం కదలరాదు. తూకానికి నిరాకరిస్తే రూ.40 వేలు. కేసును కోర్టుకు వెళ్లకుండా పరిష్కరించుకునే రాజీ రుసుమును రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది.

2018 జులైలో కేంద్రం ఇరుసు బరువు పరిమితులను పెంచింది. రెండు టైర్ల ఇరుసుకు 6 టన్నులను 7కు, నాలుగు టైర్ల ఇరుసుకు 10.2 టన్నులను 11.5కు చేర్చింది. అంతమాత్రాన పాత వాహనంపై ఎక్కువ వేయవచ్చని అర్థం కాదు. సదరు వాహనం ఆర్సీలో ఉన్న అంకే ప్రామాణికం.

లైసెన్సు, బీమా

మొత్తం బరువు 7,500 కిలోల లోపు ఉన్న రవాణా వాహనాలను ఎల్ఎంవీ లైసెన్సుతో నడపవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న స్పష్టం చేసింది. ట్రాలీ తగిలించినంత మాత్రాన ట్రాక్టరు లైసెన్సు చెల్లకుండా పోదని 2001లోనే ఆ కోర్టు తీర్పు ఇచ్చింది. అయితే బీమా పాలసీలో ట్రాక్టరుతో పాటు ట్రాలీ నెంబరు కూడా ఉందో లేదో చూసుకోవాలి. వ్యవసాయానికని పాలసీ తీసుకుని కిరాయికి ఇసుక తోలినా, కూలీలను ఎక్కించినా పరిహారం వద్ద వివాదం తప్పదు. అటువంటప్పుడు భారం యజమాని ఆస్తిపై పడుతుంది.

రోడ్లకూ శాపమే

అధిక బరువుతో రోడ్డుకు కలిగే నష్టం బరువుతో సమానంగా పెరగదు. 1950ల చివర అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రంలో జరిపిన రహదారి పరీక్షల ఫలితాల ప్రకారం ఇరుసుపై బరువు రెట్టింపైతే నష్టం సుమారు పదహారు రెట్లవుతుంది. ఇరవై శాతం ఎక్కువ వేసినా నష్టం దాదాపు రెట్టింపే. పల్లె రోడ్లు వేసిన కొద్ది ఏళ్లకే గుంతలు పడటానికి ఇదీ ఒక కారణం. ఆ గుంతలే మళ్లీ ట్రాలీల ఇరుసులను విరుస్తాయి.

కాంటాపై మూడు తూకాలు

కొత్త ట్రాలీ కొన్నా, అద్దెకు తెచ్చుకున్నా ధర్మకాంటాపై మూడుసార్లు తూకం వేయించుకుంటే సందేహం తీరుతుంది. మొదట ఖాళీగా, తర్వాత సరుకుతో మొత్తం, చివరగా ట్రాక్టరును కాంటా దింపి ట్రాలీ చక్రాలను మాత్రమే ఉంచి. చీటీలను ఆర్సీ నకలుతో పాటు భద్రపరచుకోవాలి. ఏ సరుకు ఎక్కడిదాకా పోస్తే పరిమితి వస్తుందో తెలిశాక డబ్బా లోపల రంగుతో గీత గీయించుకుంటే ప్రతిసారీ కాంటాకు వెళ్లనక్కరలేదు.

బయలుదేరే ముందు

* ట్రాలీ, లాగే వాహనం రెండింటి ఆర్సీలు, బీమా పత్రాలు దగ్గర ఉంచుకోవాలి.
* హుక్కు పిన్ను అరిగిందేమో చూసి, లాక్ పిన్ను వేయాలి. అదనంగా గొలుసు కట్టాలి.
* టైర్లలో గాలి, చక్రాల నట్లు సరిచూడాలి. టైరుపై ముద్రించిన బరువు సంకేతాన్ని మించరాదు.
* ట్రాక్టరు రెండు బ్రేకు పెడళ్లను రోడ్డుపైకి రాగానే జత చేయాలి.
* వెనుక ఎర్ర లైట్లు, రేడియం స్టిక్కర్లు సరుకు కింద కప్పబడకుండా చూడాలి.
* రాత్రివేళ ఆగవలసి వస్తే రోడ్డు దింపి, చక్రాలకు రాళ్లు పెట్టాలి. కదిలేటప్పుడు ఆ రాళ్లను రోడ్డుపై వదలరాదు.